కేసులో పేరు ఉందంటే పారిపోవద్దు: ముందస్తు బెయిల్ కోసం మేము తిరిగిన దారి



పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా రాత్రిపూట బండి తోలుకుంటూ పగలు చదువుకునే తమ్ముళ్లు. 2025 అక్టోబర్‌లో ఇబ్రహీంపట్నంలో నకిలీ మద్యం తయారీ బయటపడిన దగ్గర్నుంచి మాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, మందు కేసులో నా పేరు కూడా రాశారంట, ఏం చెయ్యాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా, 2024లో మా తమ్ముడొకడి కోసం మేము తిరిగిందంతా ఒకచోట రాస్తే పదిమందికి పనికొస్తుందనుకున్నాం. కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి అతని పేరు, ఊరు, స్టేషన్ రాయడం లేదు.

మేమంటే విజయవాడలో ఎస్టీ హాస్టల్లో ఉండి చదువుకున్న ఐదుగురం. ఇద్దరం ఎరుకల, ఇద్దరం సుగాలి, ఒకరు యానాది. మాలో ఎవరం లా చదవలేదు. తమ్ముడు మాకు జూనియర్. ఎరుకల కుర్రాడు, గుడివాడ వైపు పల్లె. నాన్న లేడు. అమ్మ బుట్టలు అల్లుతుంది, నాట్లకీ కోతలకీ వెళ్తుంది. కోత మిషన్లు వచ్చాక ఆ పని కూడా తగ్గింది. 2023 జనవరి 22న జరిగిన కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో తమ్ముడు క్వాలిఫై అయ్యాడు. ఆ తర్వాత ఈవెంట్లు వాయిదా పడి ఆగిపోయాయి. ఎప్పుడు పెడతారో తెలీదు. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు, వారానికి రెండు మూడు రాత్రులు ఒక కూరగాయల బండికి యాక్టింగ్ డ్రైవర్‌గా డ్యూటీ. ట్రిప్పుకి 600 రూపాయలు.

2024 ఏప్రిల్ అంటే గుర్తుందిగా. మే 13న పోలింగ్, కోడ్ అమల్లో ఉంది, ప్రతి చెక్‌పోస్టు దగ్గరా బండ్లు ఆపి వెతుకుతున్నారు. జగ్గయ్యపేట పక్కన గరికపాడు నుంచి తిరువూరు దాకా మనకు తెలంగాణతో సరిహద్దు. 2020 మే నెలలో మన దగ్గర మద్యం ధరలు 75 శాతం పెంచాక, జనం అడిగే బ్రాండ్లు ప్రభుత్వ షాపుల్లో దొరక్కపోయేసరికి అటువైపు సరుకు ఇటు రావడం ఒక వ్యాపారమైపోయింది. ఆ వ్యాపారంలో లాభం ఒకరిది. రాత్రి స్టీరింగ్ పట్టుకునేది మాత్రం మనలాంటి ఇళ్ల పిల్లలు.

ఒక రాత్రి ఆ కూరగాయల బండి దొరికింది. టమాటా ట్రేల కింద తెలంగాణ మద్యం పెట్టెలు. ఆ రోజు బండి మీద ఉన్నది వేరే డ్రైవర్. మా తమ్ముడు హాస్టల్లోనే ఉన్నాడు. పట్టుబడిన డ్రైవర్ ఏ1, బండి ఓనర్ ఏ2. "ఈ బండి ఇంకెవరు తోలతారు?" అని అడిగితే డ్రైవర్ మా వాడి పేరు చెప్పాడు. అలా మా వాడు ఏ3 అయ్యాడు. రెండో రోజు మఫ్టీలో ఇద్దరు వాళ్ల ఇంటికి వెళ్లి అమ్మని అడిగారు. పక్కింటి పెద్దాయన సలహా ఇచ్చాడు: "కొన్నాళ్లు కనపడకుండా పొమ్మను, చల్లబడ్డాక రావచ్చు." తమ్ముడు ఫోన్ ఆపేసి గుంటూరు అవతల చుట్టాల దగ్గరికి వెళ్లిపోయాడు.

మన ఇళ్లల్లో అందరూ చెప్పే సలహా ఇదే. పోలీసులంటే వందేళ్ల భయం ఉన్న కులాల్లో ఆ సలహా ఎందుకు పుడుతుందో మాకు తెలుసు, దాని గురించి కింద రాస్తాం. కానీ అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది అదే.

అమ్మ మాకు ఫోన్ చేసింది. "నాయనా, వాడు తాగడు, అమ్మడు. వాణ్ని పట్టుకుపోతే ఉద్యోగం ఇంక రాదంటగా" అని ఏడ్చింది. ఈలోగా ఒకాయన ఆమె దగ్గరికొచ్చి, 60 వేలు ఇస్తే స్టేషన్లో మాట్లాడి పేరు తీయిస్తానన్నాడు. చెవి కమ్మలు తాకట్టు పెడదామని ఆమె సిద్ధపడింది. మేము ఆపాం. తమ్ముళ్లూ, ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కిన పేరుని మధ్యవర్తులు తీయలేరు. దర్యాప్తు అయ్యాక సాక్ష్యం లేదని చార్జిషీట్‌లో పేరు వదిలేయాలి, లేదా హైకోర్టు ఆ కేసు కొట్టేయాలి. దారులు ఇవే. 60 వేలు పోయాక కూడా పేరు అక్కడే ఉంటుంది.

మేము మొదట వెతికింది ఎఫ్‌ఐఆర్ కాపీ. సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో, సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పింది. కాపీ దొరికింది గానీ అందులో మా వాడి గురించి ఒక్క లైనే ఉంది. అసలు సంగతి ఏ1ని జైలుకి పంపినప్పుడు కోర్టుకిచ్చిన రిమాండ్ రిపోర్టులో ఉంటుందని తర్వాత తెలిసింది.

లాయర్ ఫీజు దగ్గర ఆగిపోయాం. అప్పుడు మాలో ఒకరికి లీగల్ ఎయిడ్ గుర్తొచ్చింది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. మనకి ఆదాయ పరిమితి లేదు. కుల ధ్రువీకరణ పత్రం, ఒక దరఖాస్తు చాలు. 15100 నంబర్‌కి ఫోన్ చేసినా చెబుతారు. మేము కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవా సంస్థ ఆఫీసుకి నేరుగా వెళ్లాం. రెండు రోజుల్లో ఒక లాయర్ మేడమ్‌ని కేటాయించారు. ఉచితం అంటే శ్రద్ధ ఉండదేమో అని మాకు అనుమానం ఉండేది. ఆమె రిమాండ్ రిపోర్టు తెప్పించి మాకు లైను లైనూ చదివి చెప్పింది.

ఆమె మొదట అడిగింది: "అబ్బాయి ఎక్కడ?" చుట్టాల దగ్గర ఉన్నాడన్నాం. "రేపు ఇక్కడుండాలి. వకాలతు మీద, అఫిడవిట్ మీద సంతకం చెయ్యాలి. దాక్కున్నవాడికి కోర్టు ముందస్తు బెయిల్ ఎందుకిస్తుంది?" అంది. సుప్రీంకోర్టు 2012లో లవేష్ కేసులో పరారీలో ఉన్నవాళ్లకీ, కోర్టు పరారీ నిందితుడిగా ప్రకటించినవాళ్లకీ ఈ వెసులుబాటు మామూలుగా ఇవ్వకూడదని చెప్పిందట. మేము రాత్రికి రాత్రి గుంటూరు వెళ్లి తమ్ముణ్ని తీసుకొచ్చాం. బస్సులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా ఖాకీ ప్యాంటుతో ఎక్కితే కిటికీ వైపు తిరిగేవాడు.

మేడమ్ వాడితో విడిగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పమంది. వాడు చెప్పాడు: ఒకసారి ట్రేల కింద పెట్టెలు చూశాడు, ఓనర్‌ని అడిగాడు, "నీకెందుకు, నీ ట్రిప్పు డబ్బులు నువ్వు తీసుకో" అన్నాడు, తర్వాత ఆ లైనుకి వెళ్లనని మానేశాడు. ఇది విని మాకు భయమేసింది. మేడమ్ మాత్రం "నాకు చెప్పావు, మంచిది. తెలియకపోతే అక్కడ పీపీ అడిగినప్పుడు నేను తడబడతాను" అంది. లాయర్ దగ్గర దాచకండి.

ఇక్కడ ముందస్తు బెయిల్ అంటే ఏంటో మాకు అర్థమైనంత వరకు చెబుతాం. మన పిల్లల్లో చాలామంది ఈ మాట మొదట విన్నది వేరే చోట. అట్రాసిటీ చట్టం సెక్షన్ 18 ప్రకారం మనమీద దాడి చేసినవాళ్లకి ముందస్తు బెయిల్ లేదని మీటింగుల్లో చెబుతుంటారు కదా, ఆ మాటే ఇది. నాన్ బెయిలబుల్ నేరంలో అరెస్టు చేస్తారని భయపడటానికి తగిన కారణం ఉంటే, అరెస్టుకి ముందే సెషన్స్ కోర్టుని గానీ హైకోర్టుని గానీ అడగొచ్చు. ఒప్పుకుంటే, "అరెస్టు చేస్తే వెంటనే బెయిల్ మీద వదలండి" అని కోర్టు ఆదేశిస్తుంది. బ్రిటిష్ కాలం నాటి 1898 కోడ్‌లో ఈ సెక్షన్ లేదు. పలుకుబడి ఉన్నవాళ్లు పడనివాళ్లని తప్పుడు కేసుల్లో ఇరికిస్తున్నారని 1969లో లా కమిషన్ 41వ నివేదిక సిఫార్సు చేస్తే, 1973 కోడ్‌లో సెక్షన్ 438గా వచ్చింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది సెక్షన్ 482. 1980లో గురుబక్ష్ సింగ్ సిబ్బియా కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్, ఎఫ్‌ఐఆర్ ఇంకా కట్టకపోయినా అడగొచ్చు, కానీ భయానికి నిజమైన ఆధారం చూపించాలి అంది. 2020 జనవరిలో సుశీలా అగర్వాల్ కేసులో మరో ఐదుగురి బెంచ్, మామూలుగా దీనికి గడువు పెట్టక్కర్లేదు, విచారణ అయ్యేదాకా ఉండొచ్చు అంది.

ఇది వస్తే కేసు పోయినట్టు కాదు. నిర్దోషి అని తేల్చినట్టూ కాదు. జైలు బయట ఉండి కేసు నడుపుకునే అవకాశం మాత్రమే.

మేడమ్ పిటిషన్‌లో మూడు సంగతులు గట్టిగా రాసింది. పట్టుబడిన చోట వాడు లేడు, వాడి దగ్గర ఏమీ దొరకలేదు. వాడి మీద ఉన్నదంతా ఏ1 పోలీసుల ముందు చెప్పిన మాటే, పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం సెక్షన్ 25 చెబుతుంది (కొత్త సాక్ష్య అధినియమంలో అది సెక్షన్ 23). పాత కేసులు ఏమీ లేవు. జత చేసినవి: ఆధార్, కుల పత్రం, కానిస్టేబుల్ హాల్ టికెట్, ప్రిలిమ్స్ మార్కుల కాపీ, ఆ రాత్రి హాస్టల్లో ఉన్నట్టు హాజరు కాపీ.

సెషన్స్ కోర్టులో కొట్టేశారు. మేము బెంచీ మీద కూర్చుని విన్నాం. పీపీ గారు లేచి, ఎన్నికల సమయం, సరుకు ఎక్కువ, దర్యాప్తు మొదట్లోనే ఉంది, ఏ3 ఇంటికి వెళ్తే లేడు, పరారీలో ఉన్నాడు అన్నారు. ఆ ఆఖరి మాటకి మా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజులు దాక్కున్నది ఆర్డర్‌లో ఒక వాక్యంగా ఎక్కింది.

వేసవి సెలవులొచ్చాయి. నేలపాడులో హైకోర్టు మామూలుగా తెరిచేది జూన్‌లో. మేడమ్ హైకోర్టు న్యాయసేవా కమిటీకి కాగితాలు పంపించి, ఇంకో పని చేయించింది. "నేను ఫలానా చోట ఉంటున్నాను, దర్యాప్తుకి ఎప్పుడు పిలిచినా వస్తాను" అని తమ్ముడి చేత స్టేషన్‌కి రిజిస్టర్డ్ పోస్టు పంపించింది. ఆ రసీదు జాగ్రత్తగా పెట్టుకున్నాం. ఆ నెలంతా వాడు ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి బండి చప్పుడైతే అమ్మ లేచి కూర్చునేది. గ్రౌండ్‌కి వెళ్లడం మానేశాడు. మేము వంతులేసుకుని ఒకరం వెళ్లి వాడి దగ్గర పడుకునేవాళ్లం.

హైకోర్టులో రసీదు పనికొచ్చింది. పారిపోయేవాడు చిరునామా రాసి పోస్టు పంపడు కదా. జూన్‌లో ఆర్డర్ వచ్చింది: రెండు వారాల్లో స్టేషన్‌లో హాజరు కావాలి, 10 వేల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు ష్యూరిటీలు, చార్జిషీట్ వేసేదాకా ప్రతి శనివారం స్టేషన్‌లో సంతకం, సాక్షుల జోలికి వెళ్లకూడదు.

బెయిల్ వచ్చిందని సంబరపడ్డాం. ష్యూరిటీల కోసం వారం తిరిగాం. మన ఇళ్లకి పట్టాలు లేవు, ఉన్నా కాగితాలు ఎక్కడో. ఊళ్లో ఒక రైతు, వాళ్ల చేలో పనిచేసే అమ్మ మీద గౌరవంతో ఒప్పుకున్నాడు. రెండోవాడు దొరకలేదు. ఆఖరికి మా చుట్టంలో ఆర్టీసీ కండక్టర్ బాబాయ్ వచ్చాడు. పిన్ని వద్దంది, "రేపు వాడు రాకపోతే మన జీతం పట్టుకుంటారు" అంది. బాబాయ్ "మనవాడికి మనం నిలబడకపోతే ఎవరు నిలబడతారే" అని జీతం స్లిప్ తీసుకుని బయల్దేరాడు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే బాధ గురించి రాశారు. ఆ పేదవాడిని 10 వేల ష్యూరిటీ తెమ్మని, వేరే జిల్లాలో ఉన్న అన్నదమ్ముడి పూచీ చెల్లదన్నారు. పేదవాడికి మోయలేని ష్యూరిటీ పెడితే బెయిల్ ఇవ్వనట్టేనని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. మీకు ష్యూరిటీ దొరక్కపోతే తగ్గించమని కోర్టుని అడగొచ్చు. ఈ మాట లాయర్‌తో చెప్పించండి.

ఇక శనివారాలు. మొదటి శనివారం మాలో ఇద్దరం వెంట వెళ్లాం. రిజిస్టర్లో సంతకం చేస్తుంటే అక్కడున్న ఒకాయన కులం అడిగి, "మీ వాళ్లకి ఇది కొత్తేం కాదుగా" అన్నాడు. తమ్ముడు తలెత్తలేదు. బయటికి వచ్చాక వాడు అడిగింది: "అన్నా, రేపు నేను కానిస్టేబుల్ అయితే, ఈయన పక్కనే కూర్చోవాలా?"

ఆ మాట ఎక్కడిది? 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల, యానాది వాళ్లల్లో చాలామందిని పుట్టుకతో నేరస్థులుగా రిజిస్టర్లో ఎక్కించారు. ఊరు దాటాలంటే అనుమతి, రోజూ వేళకి హాజరు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి చూస్తే అవతలి గట్టున కనపడే సీతానగరంలోనూ ఒక సెటిల్‌మెంట్ ఉండేది. బ్యారేజీ మీద రోజూ తిరిగే మనలో ఎంతమందికి తెలుసు? 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అందుకే మనల్ని విముక్త జాతులు అంటారు. చట్టం పోయింది, అనుమానం పోలేదు. పక్కింటి పెద్దాయన "కనపడకుండా పొమ్మను" అన్నది కూడా ఆ రోజుల నుంచి వచ్చిన మాటే. అప్పట్లో పేరు రాసుకుంటే అడగడానికి కోర్టు లేదు, కాబట్టి పరుగే దారి. ఇప్పుడు అడగొచ్చు. నేరం రుజువయ్యేదాకా నువ్వు బయట ఉండొచ్చు అనే సెక్షన్ మనకి కూడా ఉంది. దాన్ని వాడుకోకుండా పాత భయంతో పరిగెడితే, వాళ్లు రాసుకున్న అనుమానాన్ని మన కాళ్లతో మనమే నిజం చేసినట్టవుతుంది.

ఇంకో సంగతి ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద తీర్పిచ్చింది. అందులోనే, విముక్త జాతుల వాళ్లని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా అర్నేష్ కుమార్, అమానతుల్లా ఖాన్ తీర్పుల మార్గదర్శకాలు పాటించాలని పోలీసులని ఆదేశించింది. అర్నేష్ కుమార్ తీర్పు 2014ది: ఏడేళ్లు, అంతకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో వెంటనే అరెస్టు చేయకూడదు, అవసరం ఏంటో కారణం రాయాలి, లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. పాత కోడ్‌లో అది 41ఏ నోటీసు, ఇప్పుడు సెక్షన్ 35(3). మద్యం చట్టాల్లో ఒక్కో క్లాజుకి ఒక్కో శిక్ష ఉంటుంది. మీ ఎఫ్‌ఐఆర్‌లో ఏ క్లాజు రాశారో, దానికి గరిష్ఠ శిక్ష ఎంతో లాయర్‌ని ముందు అడగండి. నోటీసు వస్తే తప్పక వెళ్లండి, వెళ్లకపోతే అదే అరెస్టుకి కారణం అవుతుంది.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. ఈ పోస్టు మందు మోసేవాళ్లకి ధైర్యం చెప్పడానికి కాదు. సరుకుతో పట్టుబడితే ముందస్తు బెయిల్ ప్రశ్నే రాదు, అరెస్టయ్యాక మామూలు బెయిలే. రెండో కేసు, మూడో కేసు ఉంటే కోర్టు నమ్మదు. "మూడు సీసాలు తెచ్చుకోవచ్చు" అని ఇంకా కొందరు చెబుతున్నారు. 2020 సెప్టెంబర్‌లో హైకోర్టు పాత జీవో చూసి మూడు సీసాల దాకా ఒప్పుకున్న మాట నిజం. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జీవో మార్చి, పర్మిట్ లేకుండా పక్క రాష్ట్రం సీసా తేకూడదంది. బండి సంగతి వేరే. అది ఎక్సైజ్ అధికారుల దగ్గర విడిగా నడిచే జప్తు వ్యవహారం, బెయిల్ వచ్చినంత మాత్రాన బండి రాదు. ఫైనాన్స్‌లో బండి కొన్న తమ్ముళ్లు ఇది ఆలోచించండి. లోడు ఎక్కేటప్పుడు టార్పాలిన్ ఎత్తి చూడటం, బిల్లు ఫోటో తీసుకోవడం, చూడనివ్వని ఓనర్ ట్రిప్పు వదిలేయడం మన చేతిలో ఉంది. 600 పోతుంది, పోనివ్వండి.

ఉద్యోగం సంగతి కూడా అడుగుతున్నారు. కేసు ఉందని ఉద్యోగం దానంతట అది పోదు. అటెస్టేషన్ ఫారంలో కేసు ఉందా అని అడిగిన చోట ఉందని రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి, అలా చెప్పిన తర్వాత కూడా అభ్యర్థి తగినవాడా కాదా అని చూసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది అంది. దాస్తే ఆ దాచడమే పెద్ద తప్పవుతుంది.

తమ్ముడు ఆ శనివారాలు ఒక్కటి కూడా తప్పలేదు. చార్జిషీట్ వేశారు, అందులో పేరు ఉంది, వాయిదాలకి వెళ్తున్నాడు. 2024 డిసెంబర్ ఆఖర్లో ఈవెంట్లు మొదలయ్యాక పరుగు పూర్తి చేశాడు, 2025 జూన్ 1న మెయిన్స్ రాశాడు. ఫారంలో కేసు నంబరు తన చేత్తోనే రాస్తానన్నాడు.

మీ ఊళ్లో ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే చెయ్యాల్సినవి:

1. ఫోన్ ఆపొద్దు, ఊరు వదలొద్దు.
2. ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు కాపీలు సంపాదించండి.
3. మధ్యవర్తికి రూపాయి ఇవ్వొద్దు. కుల పత్రం తీసుకుని లీగల్ ఎయిడ్‌కి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.
4. దర్యాప్తుకి వస్తానని రిజిస్టర్డ్ పోస్టు పంపి రసీదు దాచండి.
5. ష్యూరిటీకి నిలబడగల ఇద్దరిని ముందే అడిగి పెట్టుకోండి. మనలో ఉద్యోగాలొచ్చిన అన్నలు, అక్కలు దీనికి ముందుకు రావాలి.

ఆఖరి మాట ఉద్యోగస్థులైన పెద్దలకే. ఆ రోజు కండక్టర్ బాబాయ్ రాకపోతే హైకోర్టు ఆర్డర్ కాగితంగానే ఉండేది. మండలానికి ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నా చాలు, ఒక లిస్టు తయారు చేద్దాం. ఒప్పుకునేవాళ్లు కింద మీ మండలం పేరు రాయండి.

జై భీమ్. జై ఏకలవ్య. జై సేవాలాల్.